ఒకటో నంబరు కుర్చీ, ఒకటో నంబరు బొండం

ఒక పెద్దమనిషి ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను ఒక్క పూటలో, అదీ స్ట్రాలు వేసి మరీ, ఊరందరి చేతా తాగించేసిన ఘనత నాది. కత్తి పట్టింది నేను కాదు లెండి. పట్టించింది మాత్రం నేనే. ఆ ఘోరం చెప్పబోతున్నాను కాబట్టి పక్కన కాసిని మంచినీళ్లు పెట్టుకోండి. కొబ్బరినీళ్లు మాత్రం వద్దు. ఎందుకో మీకే తెలుస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను తెలుగు పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. లెక్చరర్ అంటే గంభీరంగా, గట్టిగా మాట్లాడే మనిషి మీ కళ్లముందు మెదిలితే ఆ బొమ్మని దయచేసి చెరిపెయ్యండి. నా పాఠం మొదటి బెంచీ వాళ్లకి వినిపించేది. రెండో బెంచీ వాళ్లు నా పెదాలు చూసి ఊహించుకునేవారు. ఆ వెనకవాళ్లు నేను మౌనవ్రతంలో ఉన్నానని గౌరవించి, వాళ్ల కబుర్లు వాళ్లు చెప్పుకునేవారు. క్లాసులో మిగిలిపోయిన మాటలన్నీ ఇంటికి తీసుకెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో నేనెంత వాచాలురాలినో చూస్తే మా ప్రిన్సిపాల్‌గారు నన్ను ఉపన్యాస పోటీలకు పంపేవారు.

ఆ ప్రిన్సిపాల్‌గారికే ఓ రోజు ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలన్నీ మొహమాటస్తుల ప్రాణం మీదకే వస్తాయి.

"చూడండి, పక్కగదిలో వాళ్లు ఏం పరిశోధన చేస్తున్నారో మనకి తెలీదు. మనం ఏం చేస్తున్నామో వాళ్లకి తెలీదు. ఒకరోజు అందరం కూర్చుని చెప్పుకుందామండి. ఫిజిక్సు వాళ్లది తెలుగు వాళ్లకి అర్థమవ్వాలి, తెలుగు వాళ్లది కామర్సు వాళ్లకి అర్థమవ్వాలి. యూనివర్సిటీ నుంచి ప్రొఫెసరుగారు కూడా వస్తానన్నారు," అన్నారు స్టాఫ్‌రూములో.

నాకూ ఒక పరిశోధన ఉండేది. మా కోనసీమలో మనిషి ముఖాన 'కాదు' అని ఎవరూ అనరు. కూర మాడిపోతే 'కమ్మగా వేగిందండి' అంటారు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చకపోతే 'అమ్మాయి లక్ష్మీదేవండి, జాతకాలు చూపించుకుని కబురు పెడతాం' అంటారు. ఆ కబురు ఇప్పటికీ రాని ఇళ్లు నాకు తెలుసు. కాదనకుండా కాదనే ఈ పద్ధతులన్నీ పోగుచేసి ఒక పేపరు రాశాను. మూల కూర్చుని మాట్లాడకుండా వినడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి సరుకుకి కొదవలేదు. రాయడం వరకూ బాగానే ఉంది. చదవడమే! మైకు ముందు నిలబడి, ప్రొఫెసరుగారి ఎదుట! తలుచుకుంటేనే నాలుక ఎండు కొబ్బరి చిప్పలా అయిపోయింది.

ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లాను.

"సార్, ఆ రోజు అతిథి మర్యాదలన్నీ నేను చూసుకుంటానండి. కుర్చీలు, కాఫీలు, టిఫిన్లు..."

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ! మరి మీ పేపరో?"

"ఉందండి. ఉండడం ఉందనుకోండి. కాకపోతే ఈసారికి... పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు కదండీ..."

"చదవనంటారా?"

"అయ్యయ్యో, చదవనని కాదండి!"

నా పేపరు మూడో పేజీలో అచ్చం ఈ ఉదాహరణే ఉంది. ఆయనా ఈ ప్రాంతం మనిషే కాబట్టి అర్థం చేసుకుని, నిట్టూర్చి, జాబితాలో నా పేరు కొట్టేశారు. నేను ఏనుగెక్కినంత సంబరంగా బయటికి వచ్చాను. ఆ ఏనుగు నన్ను ఎక్కడ దింపిందో చూడండి.

ఇక మూర్తి మాస్టారి గురించి చెప్పాలి. బోటనీ లెక్చరర్. నడివయసు దాటిన మనిషి. పరమ సాధువు. చెట్టు మీద నుంచి కాయ నెత్తిన పడితే చెట్టుకే దెబ్బ తగిలిందేమోనని చూసే రకం. సముద్రపు ఉప్పు నేలలోంచి ఎంతవరకు లోపలికి వచ్చిందో కొబ్బరినీళ్లను బట్టి చెప్పవచ్చునని ఆయన సిద్ధాంతం. సెలవు దొరికితే చాలు, సైకిలేసుకుని ఒక్కో ఊరూ తిరిగి బొండాలు దింపించి పరీక్షించేవారు. "మాస్టారూ, మీ పరిశోధన చల్లగా ఉందండి, ఇంకోటి కొట్టించండి," అని అందరూ వేళాకోళం చేసేవారు. యూనివర్సిటీ వాళ్లు ఆయన పిహెచ్‌డీ దరఖాస్తును ఒకసారి తిప్పి పంపారు. ఈసారి ఒప్పుకునేదీ మానేదీ ఆ వచ్చే ప్రొఫెసరుగారి చేతిలోనే ఉంది.

"ఈసారి కూడా కాదంటే, మళ్లీ అడగడానికి మొహం చెల్లదమ్మా," అన్నారు నాతో, ముందురోజు సాయంత్రం. "రేపు సభలో చూపించడానికి కాస్త సరంజామా తెస్తున్నాను. చూసేక ఆయనే ఒప్పుకుంటారు."

సరంజామా అంటే పటాలూ, చార్టులూ అనుకున్నాను. నేను చదివిన పుస్తకాల్లో పరిశోధకుల దగ్గర ఎప్పుడూ చార్టులే ఉండేవి.

సభ రోజు పొద్దున్నే వెళ్లిపోయాను. షామియానా సప్లయర్స్ వాళ్లు పంపిన కుర్చీల వీపు మీద తెల్లరంగుతో నంబర్లు వేసి ఉన్నాయి. తిరిగి లెక్క చూసుకోవడానికి వాళ్లు వేసుకున్నవి. అడ్డదిడ్డంగా పడి ఉన్న నంబర్లు చూసి నా ప్రాణం ఊరుకోలేదు. మాట్లాడలేని మనుషులకి సర్దడమంటే మహా పిచ్చి. ఒకటో నంబరు ముందు వరస మధ్యలో, ప్రొఫెసరుగారికి. రెండు ప్రిన్సిపాల్‌గారికి. అలా వరుసగా ఇరవై దాకా పెద్దలకీ, మా స్టాఫుకీ. వెనక బెంచీలు పిల్లలకి.

అంతా అయ్యాక గుర్తొచ్చింది, ఆటోలో రావాల్సిన కొబ్బరి బొండాలు ఇంకా రాలేదు. మా వైపు అతిథి గడప తొక్కగానే చేతిలో బొండం పెట్టకపోతే ఆ సభ సభ కింద లెక్క కాదు. కంగారుగా వరండాలోకి వస్తే, ఏముంది! బల్ల కింద, గోనెపట్టా కప్పిన గంపలో నవనవలాడే బొండాలు. ఆటోవాడు దింపేసి వెళ్లిపోయాడన్నమాట! పట్టా తీసి చూద్దును కదా, ఒక్కో బొండం మీదా తెల్లరంగుతో ఒక్కో నంబరు. ఒకటి నుంచి ఇరవై దాకా.

మా అటెండరు సత్తిబాబు తల గోక్కున్నాడు.

"ఈ నెంబర్లేంటండి మేడమ్‌గారూ?"

నేను నవ్వాను. చూడండి, ఆ నవ్వే నా కొంప ముంచింది.

"కుర్చీలకి నంబర్లున్నాయి కదా సత్తిబాబుగారూ. ఎవరిది వాళ్లకి అందాలని ప్రిన్సిపాల్‌గారు వేయించి ఉంటారు."

"బొండానికి కూడా రిజర్వేషనాండీ!" అని ఆశ్చర్యపోయాడు. "సరేనండి, చదువుకున్నోళ్ల ఏర్పాటు."

అతను కొడుతుంటే ఒక్కో బొండంలో స్ట్రా వేసి, నంబరు చెరిగిపోకుండా జాగ్రత్తగా పట్టుకుని, ఏ నంబరు బొండం ఆ నంబరు కుర్చీకే నేను స్వయంగా అందించాను. పొరపాటున ఏడు తొమ్మిదికి వెళ్తే మళ్లీ వెనక్కి తెచ్చి మార్చాను. అంత శ్రద్ధ! మా అమ్మ చూసి ఉంటే కళ్లు చెమర్చేవి.

ప్రొఫెసరుగారు ఒక గుక్క పీల్చి, ఆగి, బొండం వంక అదోలా చూశారు. ఆయన పొద్దున్నుంచీ అచ్చు పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఎవరో పట్నం మనిషి, బొండాలు అలవాటు లేవేమో అనుకున్నాను.

"ఎలా ఉందండి?" అని ప్రిన్సిపాల్‌గారు వంగి అడిగారు.

"విలక్షణంగా ఉంది," అన్నారాయన.

ప్రిన్సిపాల్‌గారు కూడా ఒక గుక్క తాగి, రెండు సార్లు రెప్పలార్చి, "ఈమధ్య ఇంత మంచి బొండం తాగలేదు," అన్నారు.

నేను సంతోషంతో స్తంభం వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మూర్తి మాస్టారు మాత్రం వేదిక పక్కగదిలో కూర్చుని తన ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నారు. ఆయన ఒక్కరే బొండం తాగలేదు.

సభ మొదలైంది. ఎకనామిక్స్ రాజుగారు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు మా ఊళ్ల ఇళ్ల డాబాలుగా ఎలా మారుతోందో చెప్పారు. కెమిస్ట్రీ రాజ్యలక్ష్మి మేడమ్ బోరునీళ్ల గురించి చెప్పారు. అంతా సాఫీగా నడుస్తోంది. "ఇప్పుడు వృక్షశాస్త్రం నుంచి మూర్తిగారు," అని మైకులో పిలిచారు. ఆయన లేచి, దండం పెట్టి, "ఒక్క నిమిషమండి," అని వరండాలోకి వచ్చారు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది.

"మేడమ్‌గారూ! టైరు పంచరై ఆలీసమైపోయిందండి. బొండాలెక్కడ దింపమంటారండి?"

నేను ఆటోలోకి చూశాను. బొండాలు. ఏ ఒక్కదాని మీదా నంబరు లేదు. మూర్తి మాస్టారు బల్ల కిందికి చూశారు. ఖాళీ గంప.

"కల్యాణిగారూ, ఇక్కడ ఒక గంప బొండాలుండాలండి."

"ఉన్నాయండి మాస్టారూ," అన్నాను, నా గొంతు నాకే వినిపించకుండా. "అందరికీ ఇచ్చేశామండి."

"ఇచ్చేసేరా?"

"చాలా బాగున్నాయన్నారండి."

ఆయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు. "అవి నా నమూనాలమ్మా. సముద్రం ఒడ్డు నుంచి మొదలెట్టి, వరసగా లోపలికి వస్తూ దింపించేను. ఒకటోది ఉప్పుటేరు పక్క చెట్టుది. ఇరవయ్యోది బాగా ఎగువది. ఆయన కళ్లముందే కొట్టి పరీక్ష చేయించుదామని..." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరేలెండి. మీ తప్పేముంది? దాహమేసిన వాళ్లకిచ్చేరు. పుణ్యమే."

తిట్టి ఉంటే బాగుండేది! ఆ మర్యాద నా గుండెని బొండం చెక్కినట్టు చెక్కేసింది. లోపల మైకు మళ్లీ పిలుస్తోంది. ప్రొఫెసరుగారు గడియారం చూసుకుంటున్నారు. భూమి నన్ను మింగేస్తుందేమోనని కాళ్ల కిందికి చూశాను. మింగలేదు. నన్ను మింగడానికి దానికీ మొహమాటమే కాబోలు.

కిటికీలోంచి చూస్తే సత్తిబాబు కుర్చీల కింద నుంచి తాగేసిన బొండాలు ఏరడానికి వంగుతున్నాడు. ఒకటో నంబరు కుర్చీ. దాని కింద ఒకటో నంబరు బొండం. రెండో కుర్చీ కింద రెండోది. నా బుర్రలో ఏదో టపీమని వెలిగింది.

"సత్తిబాబుగారూ! ముట్టుకోకండి!!"

ఆ కేక ఎవరిదా అని హాలంతా తిరిగి చూసింది. నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"పదండి మాస్టారూ," అని ఆయన్ని లేవదీసి, ఎలా నడిచానో తెలీదు, మైకు ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"క్షమించాలండి. పొద్దున్న మీరు తాగింది... మూర్తి మాస్టారి పరిశోధనండి."

రాజుగారు గబుక్కున పొట్ట పట్టుకున్నారు. "మందేమైనా కలిపేరాండీ?"

"లేదండి. ఉత్త బొండాలేనండి. ఒక్కోటీ ఒక్కో ఊరిది. ఎవరు ఏ నంబరు తాగారో కుర్చీల వల్ల తెలుస్తూనే ఉంది. రుచి ఎలా ఉందో మీరు చెబితే, మాస్టారి పరిశోధన నిలబడుతుందండి."

"అమృతమండి!" అన్నారు ఎవరో.

"చల్లగా ఉందండి!"

"బ్రహ్మాండమండి!" అన్నారు నాలుగో కుర్చీలోని రాజుగారు, పొట్ట వదిలేసి.

ప్రొఫెసరుగారు తప్ప అందరిదీ అదే వరస. రెండు నుంచి ఇరవై దాకా అమృతమే. మూర్తి మాస్టారి ముఖం వాడిపోయింది. అన్నీ ఒకేలా ఉంటే ఇక సిద్ధాంతమేముంది? ప్రొఫెసరుగారు పెన్ను మూత పెట్టేశారు.

అప్పుడు, నా సంచీలో మడిచి పెట్టిన పేపరు నన్ను గిల్లినట్టయింది. వీళ్లు నిజం చెప్పడం లేదు! ఇచ్చింది బాగాలేదని చచ్చినా అనరు. అది రాసింది నేనే కదా! మర్యాదని అడ్డం తొలగించగలిగింది మా కోనసీమలో ఒక్కటే ఉంది.

"రాజుగారూ," అన్నాను. "మీది ముక్తేశ్వరం కదండీ. మీరు తాగింది మీ ఊరి బొండమేనాండీ?"

రాజుగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"మా ముక్తేశ్వరందా! ఎవరండీ ఆ మాటన్నది? మా ఊరి బొండం తాగితే పంచదార పానకమండి! ఇదేంటి, ఉప్పేసిన మజ్జిగ తేటలాగా ఉంది! నోట్లో పెట్టుకోలేక మింగేనండి!"

"ఇప్పుడే బ్రహ్మాండమన్నారు కదండీ?"

"అది మర్యాదండి. ఇది ఊరి పరువండి!"

హాలు గొల్లుమంది. ఇక నాకు అడ్డేముంది? ఒక్కొక్కరినీ ఊరి పేరు పెట్టి అడగడం మొదలుపెట్టాను. "మా కొత్తపేటదైతే ఇలా ఏడుస్తుందాండీ?" "మా రాజోలు బొండానికి ఈ ఉప్పేటండి, ఎవరి కళ్లల్లో నీళ్లండి ఇవి?" ముందు వరసలో వాళ్లందరూ ఉప్పన్నారు. మధ్యలో వాళ్లు చప్పనన్నారు. వెనక్కి వెళ్లేకొద్దీ తీపి పెరిగింది. మూర్తి మాస్టారు బోర్డు మీద ఎవరేం చెబితే అది నంబరు పక్కన రాస్తున్నారు.

ఇరవయ్యో కుర్చీలో కామర్స్ లెక్చరర్ వీర్రాజుగారు. నేతనేసే ఇంటివారు, బండారులంక.

"నాది తేనెండి! అడగక్కర్లేదు, ఇది ఖాయంగా మా బండారులంకదే!"

"కాదండి," అన్నారు మూర్తి మాస్టారు నెమ్మదిగా. "అది ముక్తేశ్వరందండి."

రాజుగారు లేచి రెండు చేతులూ పైకెత్తి సభకంతటికీ దండం పెట్టారు. వీర్రాజుగారు బొండాన్ని ఓసారి చూసి, "అంత తీపి కూడా మంచిది కాదు లెండి, షుగరొస్తుంది," అని కింద పెట్టేశారు.

ప్రిన్సిపాల్‌గారు తనంతట తానే లేచారు. "నాదీ ఉప్పేనమ్మా. పొద్దున్న మొహమాటపడ్డాను."

ఇక మిగిలింది ఒకటో నంబరు. అందరికంటే ఉప్పటి బొండం అందరికంటే పెద్దమనిషికి ఇచ్చాను. ఆయనేమంటే మాస్టారి భవిష్యత్తు అది.

"సార్, తమరు తాగింది... ఏ ఊరిదై ఉంటుందండి?"

ప్రొఫెసరుగారు వంగి, కుర్చీ కింద నుంచి బొండం తీసుకుని, స్ట్రా నోట్లో పెట్టుకుని, మిగిలిందంతా పీల్చబోయి ఆగారు. మా వైపు మర్యాదస్తులెవరూ బొండం అడుగంటా తాగరు. గుర్రుమని చప్పుడొస్తే పరువు పోతుంది. ఆయన ఒక్కసారి అందరి వంకా చూసి, రాజ్యలక్ష్మి మేడమ్‌కి పరీక్షకని నాలుగు చుక్కలు ఒక గ్లాసులో వంపి, మిగిలినది కళ్లు మూసుకుని పీల్చారు.

గుర్ర్ర్ర్‌మని మైకులో కూడా వినిపించింది.

"ఆయ్!" అన్నారు ప్రొఫెసరుగారు. పుస్తకం భాష ఏమైపోయిందో! "మా ఐ.పోలవరం బొండమేనమ్మా ఇది! ఏటి గట్టు మీద చెట్టుది. చిన్నప్పుడు ఇదే తాగి పెరిగేను. పొద్దున్న నోట్లో పడగానే ఉలిక్కిపడ్డాను, అడగడానికి మొహమాటపడ్డాను. ఇది బాగాలేదన్నదెవరండీ? ఆ తీపి బొండాలు తాగేవాళ్లకేం తెలుసండి రుచి!"

"ఒకటో నంబరు ఐ.పోలవరందేనండి," అన్నారు మూర్తి మాస్టారు.

చప్పట్లు! మిగతా వాళ్లు కూడా మర్యాదకి ఒక్కో గుక్క అడుగున వదిలేశారు కదా, రాజ్యలక్ష్మి మేడమ్ ల్యాబు నుంచి, ఉప్పు తగిలితే తెల్లబడే సిల్వర్ నైట్రేట్ మందు సీసా తెప్పించి ఆ గుక్కలన్నిటిలో చుక్క చుక్క వేశారు. ఒకటో గ్లాసు పాలలా తెల్లబడింది. ఇరవయ్యో దానిలో సన్నటి పొగలాంటిది కనిపించిందంతే. నాలుకలూ, మందూ ఒకే మాట చెప్పాయి.

"మూర్తిగారూ," అన్నారు ప్రొఫెసరుగారు, "మీరే బొండాలు వరసగా పెట్టి, ఇది ఉప్పు, ఇది తీపి అని చెబుతూ రుచి చూపించి ఉంటే నేనూ మొహమాటానికి తలూపేవాణ్ణి. వెనక్కెళ్లి మళ్లీ కాదని రాసేవాణ్ణి. ఏది ఎవరికి పోతోందో తెలీకుండా పంచడం మీ పరిశోధనకే బలం. మీ దరఖాస్తు నేను ఒప్పుకుంటున్నాను. ఈ ఏర్పాటు ఎవరిదండీ?"

సత్తిబాబు వెనక నుంచి, "కల్యాణి మేడమ్‌గారిదండి! బొండానికి రిజర్వేషను!" అని అరిచాడు.

"వాళ్ల చేత నిజం చెప్పించిన విద్యో? అదెక్కడిదమ్మా?"

"అది... నా పేపరండి," అన్నాను. "చదవనని చెప్పేశాను."

"చదవననా?" ప్రిన్సిపాల్‌గారు అందుకున్నారు. "అయ్యయ్యో, చదవనని కాదుటండి!"

మధ్యాహ్నం భోజనాలయ్యాక చదివాను. ఆఖరి బెంచీ దాకా వినిపించిందట. అక్కడి పిల్లలు పాపం, ఏడాది పొడుగునా నాకు గొంతు లేదనుకున్నారు. ఆటోలో వచ్చిన అసలు బొండాలు ఆ తర్వాత పంచితే, 'ఏ ఊరిదండి?' అని అడగకుండా ఒక్కరూ పుచ్చుకోలేదు.

మూర్తి మాస్టారు డాక్టర్ మూర్తిగారయ్యారు. ఆయన సిద్ధాంతగ్రంథం కృతజ్ఞతల పేజీలో, గైడుగారి పేరు తర్వాత, 'నా నమూనాలన్నిటినీ ఒక్క పూటలో ఖాళీ చేయించి నన్ను రక్షించిన కల్యాణిగారికి' అని ఉంటుంది. తిట్టో, పొగడ్తో నాకిప్పటికీ తేలలేదు. ఆయన కోనసీమ మనిషి కదా, తేలనివ్వరు.

అందుచేత, ఈ పేజీ చదివినవారందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బొండాన్నీ వెనక్కి తిప్పి చూడకుండా, దాని ఊరూ పేరూ శాఖా కనుక్కోకుండా కత్తి కిందికి పంపను. నంబరు కనిపిస్తే రెండు చేతులూ జోడించి దూరంగా తప్పుకుంటాను. మైకుకి భయపడి కాఫీ టిఫిన్ల చాటున దాక్కోను.

ప్రొఫెసరుగారు ఈసారి వస్తే మాత్రం ఒకటో నంబరుదే ఇస్తాను. గుర్రుమనే దాకా.